నల్లంచు పెట్టె

ప్రొద్దుటూరులో ఇప్పుడు ప్రింటింగ్ ప్రెస్సు అని బోర్డు ఉన్న అంగట్లోకి పోయి చూస్తే ఒక కంప్యూటరు, ఒక ఫ్లెక్సీ మిషను, చల్లగా ఒక ఏసీ ఉంటాయి. అక్కడ పనిచేసే పిల్లల చేతికి మసి అంటదు. సంతోషమే. నా గోళ్ల సందుల్లోని మసి నేను పని మానుకున్నాక కూడా చాలాకాలం పోలేదు. మా ఇంటామె నన్ను పెరుగన్నం కలపనిచ్చేది కాదు, చెంచా చేతికిచ్చేది.

మొన్న కొత్తగా షాపు పెట్టిన ఒక పిల్లవాడు నాకు కుర్చీ వేసి, "పెద్దాయనా, నీ అనుభవాలు చెప్పు, మాకు పనికొస్తాయి" అన్నాడు. నేను చెబుతుంటే వాడు ఫోను చూసుకున్నాడు. అందుకే రాస్తున్నాను. రాయడంలో ఒక సుఖం ఉంది. ఎదుటివాడు ఫోను చూసుకుంటున్నాడో లేదో మనకు కనపడదు.

నేను కాలితో తొక్కి అచ్చు వేసే ట్రెడిల్ మిషను మీద పనికి చేరాను, ట్రెడిల్ మిషను దగ్గరే దిగిపోయాను. మధ్యలో చెప్పుకోవడానికి ప్రమోషన్లు లేవు. పెళ్లికార్డులు, కరపత్రాలు, సినిమా టికెట్లు అందరూ వేశారు, వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నేను చెప్పబోయేది చావుకార్డుల గురించి. మా జిల్లాలో ఆ రోజుల్లో వాటికి అంత గిరాకీ ఎందుకుండేదో మీ నాయనలను అడగండి. వాళ్లు మాట మారుస్తారు. అదే జవాబనుకోండి.

గడప బయట

మొదట ఆచారం తెలియాలి. పెళ్లికార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి, ఇంటికి పోయి, బొట్టు పెట్టి చేతికిస్తాం. వాళ్లు దాన్ని దేవుని పటం దగ్గర పెట్టుకుంటారు. చావు తర్వాత కర్మకు పిలిచే దినం కార్డు అట్లా కాదు. అది గడప దాటకూడదు. పోస్టుమ్యాను వాకిట్లోనే నిలబడి రెండు వేళ్లతో అందిస్తాడు. ఇంటాయన అరుగు మీదే చదువుకుని, అయ్యో అని, చించి వీధిలో పారేస్తాడు. కాళ్లు కడుక్కున్నాకే లోపలికి పోతాడు. పోయింది ఎంత దగ్గరి బంధువైనా, ఎంత గొప్పవాడైనా, కార్డు చిరగాల్సిందే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

అందుకే చదవకముందే, కట్టలో ఉండగానే, పక్కనుంచి చూసినా నలుపు కనపడాలి. అంటే నలుపు కార్డు కొసదాకా పోవాలి. ట్రెడిల్ మిషను కాగితాన్ని కొసన పట్టుకుని అచ్చు వేస్తుంది కాబట్టి చుట్టూ తెల్లగా మిగిలిపోతుంది. ఆ తెలుపును బ్రష్షుతో నింపడం నా పని. ఎండాకాలంలో కూడా ఫ్యాను వేసుకోవడానికి లేదు, కార్డులు ఎగిరిపోతాయి. చెమట కారి ఇంకులో పడేది. ఒక కార్డుకు అంచు వేలెడు, ఇంకోదానికి గీతంత. పోయినాయన పేరు మీద నా బొటనవేలు ముద్ర పడిన కార్డులు జమ్మలమడుగు చుట్టుపక్కలంతా తిరిగాయి.

మా పక్క అంగడి ఖాదర్ సాబ్‌ది. ట్రంకుపెట్టెలు చేసేవాడు. ఆ రోజుల్లో కువైట్‌కు పోయే పిల్లలంతా ఆయన పెట్టెతోనే ఊరు దాటేవాళ్లు. ఒకనాడు టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా పని చూసి నవ్వాడు.

"ఏందప్పా ఓబులేసూ, దినం కార్డు చేస్తాండావా, గోడకు సున్నం కొడతాండావా?"

"నువ్వు కొట్టు రా, చూస్తా" అన్నాను కోపంగా.

ఆయన గ్లాసు పక్కన పెట్టి, పేకముక్కలు పరిచినట్టు కార్డులను ఒకదాని వెనక ఒకటి కొంచెం కొంచెం జరిపాడు. ప్రతి కార్డుదీ కొస మాత్రమే బయటికి కనపడుతూ మెట్లు మెట్లుగా నిలిచింది. వాటి మీద ఒక్కసారి బ్రష్షు లాగాడు. అన్ని కొసలూ ఒకేసారి, ఒకే వెడల్పున నల్లబడ్డాయి. నేను తెరిచిన నోరు మూసేలోగా ఆయన పోయి రేకులు, స్క్రూలు తెచ్చుకున్నాడు.

ఆయన చేసింది ఇది. ట్రంకుపెట్టె మూతలాంటి ఒక రేకు తట్ట. దానికి వెనకవైపు మడతబందు మీద వాలే ఒక చెక్క పలక. కార్డుల కట్టను ఆ పలకకు ఆనించి నొక్కితే, పలక ఎంత వాలి ఉంటే కార్డులు అంతంత జరిగి మెట్లు కడతాయి. పైన ఇనుప పట్టీ బిగించి పిడి తిప్పితే, ఇంకు పూసిన రోలరు కొసల మీదుగా పోతుంది. ఒక వైపు అయ్యాక ఇంకో వైపు. పలక నిటారుగా ఉంటే సన్న అంచు, వాలితే వెడల్పు అంచు. ఆ వాలును పట్టి ఉంచేది ఒకే ఒక స్క్రూ. దానికి నల్లంచు పెట్టె అని పేరు పెట్టింది కూడా ఖాదర్ సాబే.

సన్నంచు, నడిమంచు, పెద్దంచు

ఆ స్క్రూ వదులయింది. మిగతా చరిత్ర అంతా దాని పుణ్యమే.

పులివెందుల వైపు ఒక పెద్దాయన తల్లి చనిపోయింది. ఆమె కార్డులకు అంచు వేస్తుండగా స్క్రూ జారి పలక వాలిపోయింది. అంచు ఎప్పుడూ వేసేదానికంటే బాగా వెడల్పు పడింది. నేనూ మా యజమాని సుబ్బరాయుడప్పా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం. పెద్దాయన మనిషి వచ్చి కార్డు చూశాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"శానా మర్యాదగా వేసినారు సామీ" అన్నాడు.

కొన్నాళ్లకే, ఆ పెద్దాయనకు పడని ఇంకో పెద్దాయన మనిషి వచ్చాడు. "మా అన్న చిన్నాయన పోయినాడు. ఆ ముసలామెకు ఎంత అంచు వేసినారో అంతకన్నా ఎక్కువ వేయాల. తగ్గితే మర్యాద ఉండదు" అన్నాడు. ఎవరి మర్యాదో చెప్పలేదు, మేమూ అడగలేదు.

అట్లా ఒక వదులు స్క్రూ మా జిల్లాలో చచ్చినవాళ్లకు హోదాలు పంచింది. ప్రొద్దుటూరు చీరల అంగళ్ల ఊరు కాబట్టి మా యజమాని చీరల భాషలోనే సన్నంచు, నడిమంచు, పెద్దంచు అని పేర్లు పెట్టాడు. పంతుళ్లకూ వ్యాపారస్తులకూ సన్నంచు. ఊరి పెద్దలకు నడిమంచు. పార్టీ పెద్దలకు పెద్దంచు. అంగట్లో పంచాయతీలు జరిగేవి.

"మా మామ సర్పంచికి నిలబడి ఓడిపోయినాడు. ఆయనకు ఏ అంచు వస్తాది?"

"నిలబడినాడు గదా, నడిమంచే" అని మా యజమాని తీర్పు చెప్పేవాడు.

లింగాల నుంచి ఒకాయన స్కేలు తెచ్చుకుని కొలుచుకుని పోయాడు. బతికుండగానే తన అంచు ఏదో మాట్లాడుకుని పోయినవాళ్లు కూడా ఉన్నారు.

నవ్వుతున్నారు గదా. మేమూ నవ్వుకునేవాళ్లం, కార్డు కంపోజు చేసేదాకా. చేస్తుంటే నవ్వు పోయేది. పోయినవాళ్లలో చాలామంది ఇరవైల్లో ఉన్న పిల్లలు. వాళ్ల అంచు వెడల్పు కోసం అంగట్లో కొట్లాడిన మనుషులు, వాళ్ల పిల్లల బడి కోసం ఎక్కడా కొట్లాడినట్టు నేను వినలేదు. ఈ మాట అప్పుడు అనే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు అంటున్నాను.

కొత్తవాళ్లకు ఒక సలహా. మీ పనిలో జరిగిన పొరపాటును జనం మర్యాద అనుకుంటే, దిద్దడానికి పోకండి. దిద్దితే అంతకుముందు మర్యాద అందుకున్నవాళ్లు వచ్చి మీ మెడ పట్టుకుంటారు.

మా యజమాని

సుబ్బరాయుడప్ప పిరికివాడని ఊరంతా అనేది. ఆయన కుర్చీ వెనక గోడకు రెండు పార్టీల పెద్దల క్యాలెండర్లు ఒకే మేకుకు వేలాడేవి. వీధిలో జీపు ఆగిన చప్పుడు వింటే చాలు, జీపు ఎవరిదో చూసి ఏ క్యాలెండరు పైకి రావాలో దాన్ని పైకి తెచ్చేవాడు. వెనక్కి తిరగకుండానే, ఒక్క చేత్తో. అంత నైపుణ్యం నేను ట్రెడిల్ మీద కూడా సంపాదించలేదు. "ప్రెస్సులోకి చెప్పులతో రావచ్చు, పార్టీతో రాకూడదు" అని బోర్డు రాయించాలని ఆయనకు ఉండేది. దాన్ని చూసి ఏ పార్టీవాళ్లు ఏమనుకుంటారోనని రాయించలేదు.

ఆయన మంచి యజమానా? కాదు. ఊరికే కసురుకునేవాడు, ఒకే పని మూడుసార్లు చేయించేవాడు. కానీ నేను ఆయన దగ్గర నేర్చుకున్న పాఠం ఇంకెవరూ నేర్పలేదు. అదే ఇప్పుడు చెబుతున్నాను.

కరెంటు ఎవరిది

ముద్దనూరుకూ పులివెందులకూ మధ్య రెండు ఊర్లు. అసలు పేర్లు రాయను. ఒకటి మిట్ట మీద ఉంది, ఇంకోటి వంక, అంటే వాగు, పక్కన ఉంది, కాబట్టి మిట్టపల్లె, వంకపల్లె అనుకుందాం. రెండింటికీ పడదు, పార్టీలు వేరు. మిట్టపల్లెలో బాలచెన్నుడని ఒకడు. తాతల కాలం నుంచి గొర్రెలు కాసిన ఇల్లు. ఇతను బోరు వేసుకుని చీనీచెట్లు, అంటే బత్తాయి, పెట్టాడు. ఒకరోజు తడి చేత్తో మోటారు స్టార్టరు ముట్టుకున్నాడు. తోటలోనే ప్రాణం పోయింది. పాపం, ఎవరి గొడవల్లోనూ లేని మనిషి. ఓటు మాత్రం అన్న చెప్పినట్టు వేసేవాడు, ఆ ఊర్లో అందరిలాగే. అన్న అంటే మిట్టపల్లెలో పార్టీ పెద్ద.

అప్పుడు ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. అన్న మనిషి ఈశ్వరయ్య మా ప్రెస్సుకు వచ్చాడు. క్యాలెండరు మారింది.

"మా పార్టీ మనిషి పోయినాడప్పా. అన్న శానా బాధపడతాండాడు. కార్డు ఘనంగా ఉండాల" అంటూ సంచిలోంచి ఒక ఫోటో బ్లాకు తీశాడు. అది అన్న ఫోటోది. "దీన్ని పైన వేయండి."

"పోయినాయన ఫోటో?" అన్నాను నేను.

"గొర్లోనికి ఫోటో యాడుంటాదప్పా? అన్నది ఉండాది గదా, చాల్లే."

కింద వేయాల్సిన మాట కూడా రాసుకొచ్చాడు. ప్రత్యర్థుల కుట్రకు బలైన వీరుడు అని.

మా యజమాని నెమ్మదిగా, "కరెంటు కొట్టిందని విన్యానే?" అన్నాడు.

"కరెంటు ఎవురిది? గవర్నమెంటుది. గవర్నమెంటు ఎవురిది ఇప్పుడు? వాల్లది. ఇంగ సంపింది ఎవురు?"

ఈ లెక్క విద్యుత్తు శాఖకు కూడా తెలిసి ఉండదు.

"ఇంగో మాట. అంచు నలుపు వద్దు, మన జెండా రంగు వేయండి."

"దినం కార్డుకు రంగేంది ఈశ్వరయ్యా..."

"ఎలక్షన్లప్పా" అన్నాడు అతను, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

రోలరు కడిగి, పెట్టెలో ఆ రంగు పోశాం. ఏ రంగో రాయను, రాస్తే ఈ వయసులో నన్నొక పార్టీలో కలిపేస్తారు. చావుకార్డులు కళకళలాడుతూ తయారయ్యాయి. ఒక కార్డు చావింట్లో చూపించడానికి ఈశ్వరయ్య తీసుకుపోయాడు. మిగతావి మర్నాడు సాయంత్రం తీసుకుంటానన్నాడు.

నాగమునెమ్మ

మర్నాడు పొద్దున ప్రెస్సు ఎదురుగా, మురుగు కాలువకు అవతల, ఎండలో ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో మా కార్డు. బాలచెన్నుడి తల్లి, నాగమునెమ్మ. లోపలికి రమ్మని పిలిస్తే చెయ్యి అడ్డం ఊపింది.

"రాగూడదప్పా. చావింటి మనిషిని. మీరే ఇట్ల రాండి."

నేనూ సుబ్బరాయుడప్పా రోడ్డు మీదికి పోయాం.

"ఈ కార్డు చదివించుకున్యా" అంది. "మా కోడలు లక్షుమ్మది వంకపల్లె. అప్పుడు రెండూర్లూ ఒకే పార్టీ, పిల్లనిచ్చినారు, తెచ్చుకున్యాం. ఇప్పుడు ఈ కార్డు ఆ ఊరికి పోతే వాల్లన్న గుర్రప్ప ఎట్ల వస్తాడు సామీ? నీ చెల్లెలి మొగున్ని సంపింది మీరే అని రాసిరి గదా. వాల్లూరోల్లు పంపరు, వచ్చినా మా ఊరోల్లు అడుగు పెట్టనీరు. దినం పొద్దు ఆ పిల్లకు పుట్టింటి చీర ఎవురు తెస్తారు?"

కొత్తతరానికి ఇది చెప్పాలి. మొగుడు పోయిన ఆడమనిషికి దినం నాడు పుట్టింటివాళ్లు చీర తెస్తారు. నీకు ఇంకా మేము ఉన్నామని ఆ చీరతో చెప్పినట్టు. ఆ రోజు రాని అన్న ఆ తర్వాత ఏ ముఖం పెట్టుకుని వస్తాడు? బంధుత్వం అక్కడితో తెగినట్టే.

"అమ్మా, అది పార్టీ కార్డు. నేను చెయ్యి పెడితే నా ప్రెస్సు ఉండదు" అన్నాడు సుబ్బరాయుడప్ప. నేల చూస్తూ అన్నాడు.

"నీ ప్రెస్సు ఉండాల్లే అప్పా, నేనేం వద్దంటినా? నా కొడుకు ఎట్లా లేడు. ఆ పిల్లకు పుట్టిల్లు గూడా లేకుండా సేయొద్దండి అంటాండా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకూ దానికీ పడదప్పా. పెండ్లయినప్పటి సంది కొట్లాడుకుంటానే ఉండాం. అయినా ఇది అన్యాయం. ఆ ఊరికి పోయేటివన్నా నల్లంచువి వేయండి. నలుపు ఎవురి పార్టీదీ కాదు గదా."

సుబ్బరాయుడప్ప లోపలికి పోయి తానే గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె ఎత్తి తాగి, గ్లాసు కడిగి గట్టు మీద పెట్టి, బస్టాండు వైపు నడిచింది. వీధిలో జీపు పోయినా ఆయన క్యాలెండరు కోసం లోపలికి పరుగెత్తలేదు.

మీసం

మధ్యాహ్నం ఆయన షట్టరు సగం దించాడు.

"ఓబులేసూ, పెట్టె కడుగు. నలుపు పోయ్."

కొత్త కార్డులు వేయడానికి లేదు. పేర్చిన అక్షరాలు విప్పేశాం, కార్డుల అట్ట అయిపోయింది. ఉన్న కార్డుల మీదే, రంగు మీద నలుపు వేయాలి. వంకపల్లెకు పోయే కట్ట తీసి పలకను పెద్దంచుకు వాల్చాను. పిడి తిప్పాను. రంగు మునిగింది. ఒక కార్డు ఎత్తి చూశాం. చుట్టూ నలుపు, పైన అన్న తల మాయం, ముక్కు కింది నుంచి మాత్రం బయట ఉన్నాడు.

"మీసం కనపడతాంది" అన్నాడు సుబ్బరాయుడప్ప.

ఇంకొంచెం వాల్చాను.

"ఇంగా కనపడతాంది."

"ఆ మీసం అంతుండాది గదప్పా, ఏం చేయమంటావు?"

"వాల్చు. స్క్రూ ఊడితే ఊడనీ."

స్క్రూ పూర్తిగా తీసేశాను. పలక దాదాపు పడుకుంది. పైన అన్న మీసంతో సహా మునిగాడు. కింద ప్రత్యర్థులు, కుట్ర, వీరుడు అన్నీ మునిగాయి. నడుమ చిన్న కిటికీ అంత తెలుపులో బాలచెన్నుడి పేరు, ఊరు, దినం ఏ రోజో, దయచేసి రమ్మన్న మాట మిగిలాయి. ఆ కార్డు అప్పటికిగానీ అతని చావు గురించి అన్నట్టు కనపడలేదు.

సరిగ్గా అప్పుడే షట్టరు కిందినుంచి ఈశ్వరయ్య వంగి లోపలికి వచ్చాడు. సాయంత్రం వస్తానన్నవాడు.

చించేది ఆచారం

అతను ఒక నల్ల కార్డు చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏందిది? అన్న యాడ?"

అంతకుముందే ఇంకో ఊర్లో పార్టీవాళ్లు ఒక ప్రెస్సులోని అచ్చక్షరాల పెట్టెలన్నీ రోడ్డు మీద కుమ్మరించారు. నేను గోడకు ఆనుకున్నాను. సుబ్బరాయుడప్ప మాత్రం కుర్చీ జరిపాడు.

"కూచో ఈశ్వరయ్యా. ఇంత అంచు ఈ జిల్లాలో ఇంతవరకూ ఎవురికీ వేయలే. పెద్దంచు కన్నా పెద్దది."

ఈశ్వరయ్య ముఖంలో ఒక్క క్షణం సంతోషం వచ్చి పోయింది. "అది సరే. అన్న యాడ?"

"ఉండాడు."

"ఉంటే యాడ?"

"నలుపు కింద."

ఈశ్వరయ్య లేవబోయాడు. సుబ్బరాయుడప్ప అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన అట్లా ఎవరి మీదైనా చెయ్యి వేయడం నేను అదే చూడటం.

"ఒక మాట చెప్పు. మీ ఇంటికి దినం కార్డు వస్తే ఏం చేస్తావు?"

"చదువుకుంటా."

"చదివినాక?"

"చించి పారేస్తా. అందరూ చేసేదే గదా."

"ఎవురి మొగం ఉన్యా చించుతావు గదా?"

సుబ్బరాయుడప్ప రంగు అంచుతో ఉన్న పాత కార్డు ఒకటి తీసి అతని ముందు పెట్టాడు. పైన అన్న చేతులు జోడించి నవ్వుతున్నాడు.

"దీన్ని ఊరూరా పంచుతావు. ప్రతి వాకిట్లో అన్న మొగం రెండు ముక్కలై పడుంటాది. వంకపల్లెలో అయితే సంబరంగా చించుతారు. ఏమన్నా అంటే ఆచారమంటారు, కేసు గూడా పెట్టలేవు. మిట్టపల్లెలో గూడా చించాల్సిందే. నీ వాకిట్లో నువ్వే చించాల. ఎలక్షన్ల ముందర."

ఈశ్వరయ్య కూర్చున్నాడు. నీళ్లు అడిగాడు, ఇచ్చాను. సగం మీద పోసుకున్నాడు.

"అన్నకు ఈ ఆలోచన చెప్పింది ఎవురో గానీ..." అన్నాడు సుబ్బరాయుడప్ప.

"నేనే చెప్తిని" అన్నాడు ఈశ్వరయ్య.

"అయితే ఈ మాట మన ముగ్గురి మధ్యనే ఉంటాదిలే."

ఈశ్వరయ్య మిగిలిన కట్టలన్నిటి వైపూ చూశాడు. "అన్నీ ఇట్లనే చేసేయండి. ఒక్కటి గూడా మిగలగూడదు. ఇంగా ఎడల్పు చేయండి, అన్న చెవు గూడా కనపడగూడదు."

అన్నీ చేశాం. ఇందులో మన పని పాఠం ఒకటి ఉంది. రంగు మీద నలుపు వేస్తే తొందరగా ఆరదు. పరిచి, సుద్దపొడి చల్లి, గాలికి పెట్టాలి. ఈశ్వరయ్య ఆగలేదు. పచ్చి కార్డులే కట్టకట్టుకుని పోయాడు. తర్వాత తెలిసిందేమిటంటే, అన్న ఆ కార్డు చూసి మురిసిపోయాడట. మా బాలచెన్నునికి నేను వేయించిన అంచు చూడండి అని ఆ ఎలక్షన్లంతా చెప్పుకున్నాడట.

మోరీ దగ్గర

దినం నాడు సుబ్బరాయుడప్ప నన్ను పిలిచాడు. "పోయి చూసి రా" అన్నాడు. ఏం చూడాలో చెప్పలేదు. నాకు తెలుసు.

జమ్మలమడుగు మీదుగా ముద్దనూరు పోయి బస్సు మారాను. పక్క సీట్లో ఒకాయన, మోకాళ్ల మీద కాగితంలో చుట్టిన చీర, చేతిలో మా నల్ల కార్డు. బొటనవేలు నల్లగా ఉంది. నా చేతులు తొడల కింద దాచుకున్నాను.

"ఆ కార్డు ఇంగా చించలేదేందప్పా?" అన్నాను.

"చించితే ఆడ ఏం చూపిచ్చాల?" అన్నాడు. అతనే గుర్రప్ప. ఆ కార్డును ఇంట్లోకి తేకుండా గొర్రెల దొడ్డి కంచెలో చెక్కి పెట్టాడట. చించని చావుకార్డు అక్కడున్నందుకు పెండ్లాము రోజూ తిట్టిందట. ఊర్లో పెద్దలు పోవద్దని చెప్పలేదు, పో అని కూడా చెప్పలేదట. కార్డులో తమ ఊరిని ఏమీ అనలేదు కాబట్టి ఏమనాలో వాళ్లకు తోచలేదు.

మిట్టపల్లె మొదట్లో, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గట్టు మీద కొందరు కూర్చుని ఉన్నారు. ఎందుకు కూర్చున్నారో ఆ రోజుల్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

"యా ఊరప్పా మీది?"

"ప్రొద్దుటూరు" అన్నాను నేను.

"నువ్వు?"

"వంకపల్లె" అన్నాడు గుర్రప్ప.

అందరూ లేచి నిలబడ్డారు. గుర్రప్ప కార్డు చాచాడు. ఒకడు దాన్ని తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. జెండా కోసం చూశాడు, అన్న కోసం చూశాడు, గొడవపడటానికి ఒక్క మాట కోసం చూశాడు. ఏమీ దొరకలేదు.

"బాలచెన్నుని బావవా?"

"ఊ. మా చెల్లెలికి చీర తెచ్చినా."

వాడు కార్డు తిరిగి ఇచ్చాడు. వాడి వేలు కూడా అప్పటికే నల్లగా ఉంది, వాళ్లింటికీ వచ్చింది కదా ఆ కార్డు. "పో అన్నా. చీరకు అంటించుకోవాకు, అది ఆరలే" అన్నాడు.

నాగమునెమ్మ అరుగు మీద కూర్చుని దారి చూస్తోంది. గుర్రప్ప వాకిట్లో ఆగాడు. అన్నాళ్లూ దాచిన కార్డును రెండుగా చించాడు, మళ్లీ చించాడు, వీధిలో వేశాడు. కాళ్లు కడుక్కున్నాడు.

"లక్షుమ్మా" అని ముసలామె లోపలికి కేకేసింది. "మీయన్న వచ్చినాడు చూడు. చీర తెచ్చినాడే నీకు."

లక్షుమ్మ వచ్చి అన్న చెయ్యి పట్టుకుని ఒక్కసారిగా ఏడ్చింది. ఏడుస్తూనే అతని వేళ్ల నలుపు చూసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. నలుపు కొంగుకు అంటింది గానీ వేళ్లకు పోలేదు. ఆమె తుడుస్తూనే ఉంది.

మర్నాడు ప్రెస్సుకు పోతే సుబ్బరాయుడప్ప తల ఎత్తకుండా అడిగాడు. "వచ్చినాడా?"

"వచ్చినాడప్పా. చీర ఇచ్చినాడు."

"నలుపు నిలిచిందా?"

"యాడ నిలిచింది? రెండూర్లలో అందరి చేతులకూ అంటింది."

వీధిలో జీపు ఆగింది. ఆయన వెనక్కి తిరగకుండానే క్యాలెండరు మార్చి, "పెట్టెకు కొత్త స్క్రూ వేయించు పో" అన్నాడు.